మెరక మడి దించొద్దు

సూర్యాపేట, శుక్రవారం పొద్దున

తమ్ముడు లింగయ్యను అన్న సోమయ్య దీవించి రాస్తున్న సంగతులు.

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. నాలుగు రోజుల పాటు గట్టిగా అనుకున్నాను. కాగితం కొన్నాను, సిరాబుడ్డి కడిగాను, మళ్లీ కాగితాన్ని చాప కింద తోసి గోడవైపు తిరిగి పడుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఆయాసం ఊదినవాడికే గాని విన్నవాడికి కాదు గదా. నీవు నన్ను అడగలేదు. వడ్ల బండి వెంట వచ్చిన మనిషితో "మెరక మడి దించుతున్న, అన్నకు ఎరుక చెయ్యి" అని ఒక్క ముక్క పంపావు. ఎరుక చేయడానికి నేనేమన్నా పట్వారినా?

సంగతి ముందే చెప్పేస్తాను, తరువాత నా ధోరణిలో నేను పోతాను. ఇటుక బట్టీ శేషయ్య మనుషులు వచ్చి మన మెరక మడిలో మోకాలి లోతు మన్ను ఎత్తుకుపోతారు, మడి కిందికి దిగుతుంది, కాలువ నీళ్లు వాటంతటవే పారుతాయి. ఇదే గదా నీ ఆలోచన. లింగయ్యా, దించొద్దు. ఆ ఆలోచన నీది కాదు, శేషయ్యది. శేషయ్యది కూడా కాదు, అంతకుముందు నాది. అది ఎట్లాగో కింద రాస్తాను. నన్ను తిట్టడానికి అప్పటిదాకా ఓపిక దాచుకో.

నీకు అక్షరం రాదు కనుక ఇది బడిపంతులుగారే చదివి వినిపిస్తారు. పంతులుగారికి నమస్కారం. అయ్యా, పోయినసారి నా ఉత్తరాన్ని మీరు సగానికి కుదించి, "అన్న బాగున్నాడట, మిమ్మల్ని బాగుండమన్నాడు" అని తేల్చేశారని విన్నాను. ఈసారి దయచేసి తిట్లతో సహా చదవండి. తిట్టు వచ్చినచోట గొంతు తగ్గించకండి. రాసింది నేను, తినేది వాడు, నడుమ మీకు మొహమాటం ఎందుకు?

నేను క్షేమం, మోకాలు తప్ప. యాదగిరి లారీల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. కొడుకు ముఖం పొద్దున ఒకసారి, దీపాలవేళ ఒకసారి కనబడుతుంది, రెండుసార్లూ నల్లగానే ఉంటుంది. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. మరదలు రాములమ్మకు దగ్గు తగ్గిందా? చిన్నాయనకు చూపు ఎట్లా ఉంది? ఎర్రావు ఈనిందా? పెయ్యనా, కోడెనా? ఇవి మరిచిపోకుండా రాయించు. మనుషుల సంగతి రాయకున్నా సరే, ఆవు సంగతి రాయించు.

ఇక సూర్యాపేట. గడబిడ నాడు ప్రాణాలు అరచేత పట్టుకొని ఊళ్లు వదిలి ఇక్కడికి వచ్చినవాళ్లంతా, నిజాం దిగిపోయి మిలిట్రీ వచ్చాక ఎవరి ఊరికి వాళ్లు పోతారనుకున్నాం. ఎవడూ పోలేదు. దొరలు పోలేదు, దొరలకు భయపడ్డవాళ్లూ పోలేదు. నేనూ పోలేదు, నన్నుకూడా అందులో కలుపుకో. ఇప్పుడు అందరూ ఒకే వాడలో ఇండ్లు కడుతున్నారు. ఒకరి మొహం ఒకరికి కనబడకూడదు గనుక గోడలు ఎత్తుగా లేపుతున్నారు. గోడ ఎత్తు పెరిగితే ఇటుకలు ఎక్కువ పడతాయి. ఇటుకలకు మన్ను కావాలి. ఎవరి మధ్య పగ ఉన్నా చివరకు తవ్వేది ఎవడి పొలమో చూడు.

నాయినతో ఎడ్లు కొనడానికి వచ్చినప్పటి సంగతి నీకు గుర్తుండాలి, సంత దాటి నాలుగడుగులు వేస్తే కాళ్లకు వరి మడి తగిలేది. ఇప్పుడు ఆ మడి లేదు. రోడ్డుకు ఇరుపక్కలా నీటి పారకం ఉన్న పొలాల్లోనే ముగ్గు పోసి, మేకులు కొట్టి, తాళ్లు లాగుతున్నారు. రాళ్లగుట్ట పక్కన కట్టుకోవచ్చు గదా అని ఒకాయనను అడిగాను. "గుట్ట మీద బాయి పడదు తాతా" అన్నాడు. నిజమే. నీళ్లున్నచోట ఇల్లు కట్టాలి, ఇల్లు కట్టినచోట నీళ్లు ఉండకూడదు. ఈ పోయిన వానాకాలంలో కొత్తవాడలో పాత కాలువ నీళ్లు తమ దారి వెతుక్కుంటూ వచ్చి తిన్నగా వంటింట్లోకి పోయాయి. నీళ్లకు పట్టా కాగితం చదవడం రాదు. మంచం కింద కప్పలు చేరాయని ఇంటావిడ ఊరంతటికీ శాపనార్థాలు పెట్టింది. కప్పలు ఆమెకు ఏం పెట్టాయో ఎవరూ అడగలేదు, అవి అక్కడ ఆమెకంటే ముందు నుంచీ కాపురం ఉన్నాయి.

ఉన్న మోరీలన్నీ వాగులో కలిపారు. మేము తాగే బాయి నీళ్లు ఉప్పగా మారాయి, పప్పు ఉడకదు. రోడ్డు పక్క చింతచెట్లు బట్టీల్లోకి మొద్దులై పోయాయి. బట్టీ పొగ మామిడిపూత మీద పడి ఈసారి పూత మాడి రాలింది. మేతబీడు ప్లాట్లయింది గనుక ఇక్కడి మేకలు కాగితాలు తింటాయి. నేను అక్షరాలు నేర్చుకున్నది మిర్యాలగూడ బెల్లం కొట్టులో పొట్లాల కాగితాలు చూసి గదా, ఈ మేకలు నాకంటే ఎక్కువ చదివి ఉంటాయని నాకు అనుమానం. అన్నం సంగతి అడగకు. మిల్లు బియ్యం, మల్లెమొగ్గల్లా ఉంటాయి, వాటికంటే కాస్త తక్కువ రుచి. జొన్నరొట్టె కావాలంటే నేనే చేసుకోవాలి, అది గుండ్రంగా రాదు. మాటకు మనిషి లేడు. ఇక్కడ ఎవరికైనా ఏదన్నా చెప్పబోతే, "ఆఖరికి ఏమైందో చెప్పు తాతా" అంటారు. ఆఖరు వినడానికి అంత తొందరైతే మనిషి పుట్టడం ఎందుకు?

దీని మీద నాకు కోపం లేదనుకునేవు. ఉంది. కానీ కూలి కూడా ఇక్కడే తీసుకుంటున్నాను. అందుకే కోపం అరగదు.

నేను చేసే పని నీకు చెప్పలేదు, సిగ్గేసి. శేషయ్య బట్టీలో మన్ను చూస్తాను. శేషయ్యది కోదాడ. ఎప్పుడూ తెల్లచొక్కా, అందరినీ 'గారు' అంటాడు, పనివాళ్లకు మజ్జిగ పోయిస్తాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. ఎక్కడి నుంచో మన్ను మూట తెస్తారు. నేను చిటికెడు తీసి వేళ్ల నడుమ నలుపుతాను, తడిపి వత్తి తాడులా లాగుతాను, నాలుక మీద పెట్టుకుంటాను. చౌడు ఉంటే ఇటుక పెళుసవుతుంది, సుద్దగడ్డలు ఉంటే కాలాక పగులుతుంది. నాలుక చెబుతుంది. నాయిన మనకు ఏ మడిలో ఏం వేయాలో తెలియడానికి నేర్పిన విద్య ఇది. ఏ మడిని ముందు తవ్వాలో చెప్పడానికి నేను వాడుతున్నాను.

చిక్కు ఏమిటంటే, రాళ్ల నేల ఇటుకకు పనికిరాదు, చౌడు పనికిరాదు, గరప పనికిరాదు. వరికి ఏ మన్ను మంచిదో ఇటుకకూ అదే మన్ను మంచిది. పనికిరాని నేల మీద పట్నం కట్టి, పనికొచ్చే నేలను వదిలేద్దామంటే ఆ ఇటుకే కుదరదు. ఈ ముక్క నేను బట్టీలో చేరిన మూడోరోజే తెలుసుకున్నాను. తెలుసుకొని మజ్జిగ తాగాను.

ఇప్పుడు నా తప్పు.

ఒకనాడు మధ్యాహ్నం పాక కింద కూర్చొని ఉన్నాం. పనివాళ్లలో హాలియావాడు ఒకడు, మాడుగులపల్లివాడు ఒకడు. ఎవరి ఊరి మన్ను మంచిదన్న పంచాయితీ లేచింది. పెండ్లిచూపుల్లో పిల్లను పొగిడినట్లు పొగుడుతున్నారు. హాలియావాడు తన ఊరి మన్ను ముద్ద చేసి గోడకు కొడితే మూడు రోజులు ఊడదన్నాడు. నాకు ఊరుకునే బుద్ధి ఎన్నడు ఉంది? మా మెరక మడి మన్ను ముద్ద కొడితే ఉగాది దాకా ఊడదన్నాను. నాగలి పోతుంటే వెన్నలో కత్తి పోయినట్లు పోతుందన్నాను. మా తాత, మా నాయిన ప్రతి ఎండాకాలం చెరువు పూడిక బండ్లతో తోలి చల్లితే తయారైన మడి, దేవుడు ఇచ్చింది కాదు, మేము చేసుకున్నది అన్నాను. బండ్లు ఆగిన రోజున చివరి తట్ట పిల్లల నెత్తిన పెట్టి మోయించేవాడు మా నాయిన, ఆ తట్టలోంచి మా తమ్ముడు మన్ను తిని మూడు రోజులు చెంబు పట్టుకొని తిరిగాడని కూడా చెప్పాను. అందరూ నవ్వారు. నవ్వితే నేను ఇంకా చెబుతాను, అది నా జబ్బు.

ఆ ఊపులో నోరు జారింది. "ఒక్కటే లోపం, మెరక. కాల్వ నీళ్లు ఎక్కవు. దించితే బంగారమే" అన్నాను.

పక్కన గట్టు మీద కూర్చొని మజ్జిగ తాగుతున్న శేషయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఏ ఊరండీ సోమయ్యగారూ మీది?" అన్నాడు.

లింగయ్యా, ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి ఆ మాట నన్ను అంత ప్రేమగా అడిగినవాడు లేడు. చెప్పాను. ఊరు చెప్పాను, గరిడేపల్లి నుంచి ఎటు పోవాలో చెప్పాను, మడి ఏ దిక్కున ఉందో చెప్పాను, నీ పేరు చెప్పాను. అంతటితో ఆగినా బాగుండేది. "మా తమ్ముడు మొండోడు, ఎవ్వని మాట వినడు, నీళ్ల సంగతి ఎత్తితే మాత్రం కరుగుతడు" అని తాళంతోపాటు తాళంచెవి కూడా ఇచ్చాను. పదిహేను రోజులు తిరగకముందే వాళ్ల మనిషి మన వాకిట్లో కూర్చొని నీకు నీళ్ల సంగతి ఎత్తాడు. ఎంత తెలివైనవాడో, నీ మనసులో మాట ఎట్లా పట్టాడో అని నీవు ముచ్చటపడ్డావట. పట్టలేదురా. నేను అప్పగించాను.

ఇప్పుడు తిట్టుకో. పంతులుగారూ, వాడు తిట్టడం అయ్యాక మిగతాది చదవండి.

దించితే ఏమవుతుందో నేను కథలు అల్లడం లేదు, రోజూ చూస్తున్నాను. మా బట్టీ పక్కన ముత్తయ్య అని ఒకడు ఉన్నాడు. నీ వయసువాడే. అతనిదీ మెరక మడే, శేషయ్య అతనికీ ఇదే మాట చెప్పాడు, అతనూ నీలాగే ఉచితంగా మడి దిగుతుందని సంబరపడ్డాడు. నేను చేరిన కొత్తలో, "నీళ్లు ఎక్కినయా ముత్తయ్యా?" అని అడిగాను.

"ఎక్కుడేంది అన్నా, దుంకినయ్" అన్నాడు. "దుంకినయి మళ్ల బయటికి పోలే."

మోకాలి లోతు అన్నారు, మన్ను బాగుందని నడుము లోతు పోయారు. అడుగున తెల్లసుద్ద తేలింది. నాట్లు వేశాడు. నారు పదిరోజులు పచ్చగా ఉండి, వేరు సుద్దకు తగలగానే పసుపు రంగుకు తిరిగింది. వాన పడింది, చుట్టుపక్కల నీళ్లన్నీ అతని మడిలోకే చేరాయి. గుంటలోంచి నీటిని ఎటు పంపుతావు? పోవడానికి దానికంటే పల్లం ఉండాలి గదా. పక్క మడివాడు వచ్చి కొట్లాడాడు. ఎందుకంటే అతని మడిలో పెట్టిన నీళ్లు రాత్రికి రాత్రి ఊటగా ముత్తయ్య గుంటలోకి దిగిపోయేవి, గట్టు కూడా జారి గుంటలో పడింది. కొట్లాడి కొట్లాడి అతనూ చేసేది లేక శేషయ్యనే పిలిచాడు. అట్లా వరుసగా నాలుగు మడులు పోయాయి. ఇప్పుడక్కడ తుంగ, దోమలు, కొంగలు. కొంగలు మాత్రం సుఖంగా ఉన్నాయి.

ముత్తయ్య ఇప్పుడు ఆ గుంట ఒడ్డునే ఇటుకల మన్ను తొక్కుతాడు. నొచ్చుకోకు అన్నట్లు నేనొకసారి భుజం మీద చెయ్యి వేశాను. "ఎక్కడికి పోయిన్ననే, నా పొలంలనే ఉన్న గద" అన్నాడు. "మునుపు పైన నడిశేటోణ్ణి, ఇప్పుడు లోపల దిగి తొక్కుతున్న. గంతే."

నీవు ఏమంటావో నాకు తెలుసు. పోతే పోనీ, ఎండాకాలంలో మళ్లీ చెరువు పూడిక తోలుకుంటాం అంటావు. శేషయ్య కూడా అదే అన్నాడని విన్నాను. ముత్తయ్యనూ నేను అదే అడిగాను. "మా తాత నాటి సంది తోలింది అన్నా అది. మూడు వారాలల్ల ఎత్తుకపోయిన్రు. ఇగ నేను ఎన్ని జన్మలు ఎత్తాలె?" అన్నాడు. నీకు ఎన్ని ఎడ్లు ఉన్నాయి లింగయ్యా? రెండు. అందులో ఒకటి కుంటిది.

పోయిన వారం నేను శేషయ్య దగ్గరికి పోయి, మా ఊరి జోలికి పోవద్దని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "మీరే చెప్పారు కదండీ, దించితే బంగారమని. నేను మీ మాట మీదే వెళ్లాను" అన్నాడు. సూర్యాపేటలో ఇండ్లు, కోదాడలో కొట్లు, మిర్యాలగూడలో కొత్తగా లేస్తున్న మిల్లు, మూడింటికీ నడుమ మన ఊరు ఉందట. అక్కడ ఒక బట్టీ పెడితే మూడు దిక్కులకూ బండ్లు సమానమట. నేను ఈ వయసుదాకా మన ఊరు దేనికీ దగ్గర కాదనుకొని ఏడ్చాను. అన్నింటికీ నడుమ ఉందని ఆయన చెబితే తెలిసింది.

అదే రోజు ఆయన ఒక గుడ్డమూట తెప్పించి నా ముందు పెట్టాడు. పనివాళ్లు చుట్టూ చేరారు. మూట విప్పాను. పైకి బూడిదరంగు. పెళ్ల విరిచాను, లోపల నీలం కలిసిన నలుపు. చూడగానే మన మెరక మడిదని తెలిసింది. ఎక్కడిదని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నీవే తవ్వి ఇచ్చి ఉంటావు, పెద్ద పెళ్ల, నీ పార మొన విరిగిన గుర్తు దాని మీద ఉంది.

"చౌడు" అన్నాను. "ఇటుక నిల్వదు. పగులుతది."

పుట్టి బుద్ధెరిగిన తరువాత మన్ను సంగతిలో నేను ఆడిన మొదటి అబద్ధం అది. ఆడవాళ్ల దగ్గర, పట్వారి దగ్గర, దేవుడి దగ్గర ఆడాను, మన్ను దగ్గర ఆడలేదు. అలవాటు లేని పని గనుక అది కూడా సరిగా చేయలేకపోయాను.

శేషయ్య నవ్వాడు. "నోట్లో వేసుకోకుండానే చెప్పేశారేమిటండీ? ఇన్నాళ్లూ నాలుకతో చూసి చెప్పేవారు కదా" అన్నాడు.

హాలియావాడు పగలబడి నవ్వాడు. ముత్తయ్య మాత్రం నవ్వలేదు. ఇక తప్పదు గదా, చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు, సుద్ద లేదు. చెరువు అడుగు చల్లదనం, ఆఖరున కాస్త తీపి. ఎప్పుడూ ఉమ్మేసేవాణ్ణి. ఈసారి మింగాను. ఆయనకు అంతే చాలు. "మీరే దగ్గరుండి తవ్వించండి సోమయ్యగారూ, మీ ఊరికి మీరు పెద్దవారు" అన్నాడు. ఆ మర్యాద నీకు ఎట్లా ఉంటుందో గాని, నాకు చెప్పుతో కొట్టినట్లే ఉంది. అప్పటి నుంచి బట్టీకి పోలేదు, మోకాలు నొప్పి అని చెప్పి పంపాను. మోకాలు నిజంగానే నొస్తోంది, కాబట్టి అది అబద్ధం కాదు.

ఇప్పుడు నీవు ఒక మాట అనుకుంటున్నావు. నీ ఎదురుగా లేకపోయినా నాకు వినబడుతోంది. "నా మడి దిగితే పక్కనున్న తన మడి నీళ్లు ఊరి నా గుంటలకు వస్తయని భయపడి రాస్తుండు ముసలోడు." అదీ ఉంది. లేదని అనను. నా మడిని చిన్నాయన పాలుకు చేసుకుంటున్నాడు, చూపు సరిగా ఆనని మనిషి ఆ గుంట ఒడ్డున నడిచి ఏం బాగుపడతాడు? కానీ అదొక్కటే అయితే నాలుగు రోజులు కాగితాన్ని చాప కింద దాచుకొనే వాణ్ణి కాదు, మొదటిరోజే రాసేవాణ్ణి.

అసలు నీ మడికి నీళ్లు ఎందుకు ఎక్కవు? మెరక గనుక అని నీవూ అంటావు, నేనూ బట్టీలో అదే అన్నాను. పూర్తి నిజం అది కాదు. తూము దగ్గర కాలువ నీ మడి కంటే ఎత్తునే ఉంది. తిన్నగా వస్తే నీళ్లు నీ మడిలోకి పారతాయి. తిన్నగా రావడానికి నా మడి అడ్డం. నా గట్టు చుట్టూ తిరిగి, పల్లంలోకి దిగి, నీ దగ్గరికి వచ్చేసరికి కాలువ నీ మడి కంటే మోకాలెత్తు కిందికి పోతుంది. గూడ వేసి, ఆ బుట్టతో నీళ్లు పైకి తోడుకోవడానికి నీవు, రాములమ్మ ఇన్నేండ్లు నడుములు విరగ్గొట్టుకున్నారు. మడి మోకాలెత్తు ఎక్కువ కాదు, కాలువ మోకాలెత్తు తక్కువ. ఇది నాకు తెలుసు. నీకూ తెలుసు. ఊరంతటికీ తెలుసు. శేషయ్యకు ఒక్కడికి తెలియదు, తెలిస్తే బట్టీ ఇంకోచోట పెట్టుకునేవాడు.

పంపకాల నాడు పెద్దమనుషుల ముందు నీవు "పెద్దోడు పెద్ద ముక్క మింగిండు" అన్నావు. నాయిన పోయి అప్పటికి పన్నెండు రోజులు. నా మడిలోంచి నీ కాలువ జానెడు కూడా పోదని ఆ రోజు నేను అన్నాను. అన్నమాట మీద నిలబడ్డాను. నిలబడడానికి నాకు ఏ కష్టమూ కాలేదు, కష్టం గూడ లాగినవాళ్లది.

నీవు అన్న మాట తప్పని నేను ఇప్పటికీ అంటాను. నా ముక్క పెద్దది కాదు, తూముకు దగ్గర, అంతే. దాన్ని మింగడం అనరు.

సరే. ఇప్పుడు నేను చెప్పేది పంతులుగారు రెండుసార్లు చదవాలి. నా మడి ఉత్తరం గట్టు మీద నల్లబండ ఉంది గదా, దాని పక్కన గట్టు తెంపు. అక్కడి నుంచి తూర్పు గట్టు వెంట, గట్టుకు లోపలి వైపున, నా మడిలోంచి, రెండు పారల వెడల్పున కాలువ తవ్వుకో. ఎక్కడా పల్లంలోకి దించకు, నీళ్లు వదులుకుంటూ నీళ్ల వెంటే తవ్వు, మట్టం అవే చూపిస్తాయి. నీ మడి మూల దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నీ మడి కంటే జానెడు ఎత్తున ఉండాలి. లేకుంటే నీవు తవ్వడం తప్పు, నా లెక్క తప్పు కాదు. చిన్నాయనకు చెప్పు, సోమయ్యే తెంపమన్నాడని. నమ్మకపోతే ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆయన నమ్మడు, ఎట్లాగూ వినిపించాలి.

దీన్ని క్షమాపణ అనుకొని రాములమ్మ ముందు చాటుకునేవు. కాదు. నా నోటి నుంచి పోయిన మన్నును నా మడితో ఆపుతున్నాను. నీకు పెట్టింది కాదు.

శేషయ్య కాగితం మీద వేలిముద్ర వేశావా? వేయకుంటే వేయకు. వేసి ఉంటే, కాలువ వచ్చింది, మడి దించే పని లేదు, అన్న ఒప్పుకోలేదు అని నా మీద పెట్టు. నన్ను మొండివాడు, దుర్మార్గుడు అను, అది నీకు నోటికి బాగా వచ్చు. మన ఊరివాళ్లు ఎవరైనా మన్ను ఇస్తామంటే వాళ్లకు ముత్తయ్యను చూపించు. ఎట్లా చూపించాలంటావేమో, ఈ ఉత్తరం నేను టపాలో వేయడం లేదు. టపా వచ్చేలోపు మన ఊళ్లో బట్టీ పొగ లేస్తుంది. ముత్తయ్యే తెస్తాడు. నేను అడగలేదు, "నేను పోతనే, నేను జెప్తే ఇంటరు" అని అతనే అన్నాడు. అతనికి అన్నం పెట్టండి. మీ అందరి ముందు కూర్చోబెట్టి అడగండి. అతను నాలాగా సాగదీయడు.

నాకు ఒక కుంచెడు కొత్త జొన్నలు, నాలుగు పిడికిళ్ల ఎండుమిర్చి అతని వెంట పంపు. ఇక్కడి మిర్చి ఎర్రగా ఉంటుంది, కారం ఉండదు, ఊరు లాగానే. నా పాత కంబళి అటుక మీద ఉంటే అదీ పంపు. నాగలి మాత్రం ఎవరికీ ఇవ్వకు. ఎండాకాలం చెరువు పూడిక తోలేటప్పుడు నా మడికీ నాలుగు బండ్లు వేయమని చిన్నాయనతో చెప్పు, కాలువ పోయినంత మేర అటు ఇటు మెత్తబడాలి.

చిన్నాయన కాళ్లకు నా దండాలు, ఆయన దీవెన నాకు పంపమను. రాములమ్మకు, పిల్లలకు నా దీవెనలు. పంతులుగారికి మళ్లీ నమస్కారం, ఇంతదాకా ఓపికపట్టినందుకు. నీకు కూడా దీవెనే, రాసేశాను గనుక వెనక్కి తీసుకోను.

ఇట్లు,
నీ అన్న సోమయ్య

ఇది మడిచేలోపు ముత్తయ్య వచ్చాడు. ఇటుక అచ్చులు, పారలు, తట్టలు వేసుకొని రెండు బండ్లు పొద్దు పొడవకముందే బట్టీ నుంచి మన ఊరి దిక్కు బయలుదేరాయట. బండ్లు రోడ్డు పట్టుకొని చుట్టు తిరిగి పోవాలి, కాలిబాట చేలకు అడ్డంగా పోతుంది. రెండు రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చాను. ఒకటి ఇక్కడే తిన్నాడు. గడపలో కూర్చొని చెప్పుల వారు బిగించుకుంటున్నాడు.